తమలపాకంత పలచటి బిస్కత్తులు

యానాంలో ఫ్రెంచి దొర ఇంట విందు తిని వచ్చినప్పట్నుంచీ కోనవరం రాజావారికి ఇంకే తిండీ సయించడం లేదు.

"తమలపాకంత పలచన! పంటి కింద కరకరమంటూ విరిగి కరిగిపోయాయి. అలాంటి బిస్కత్తులు మన కోటలో ఎవరూ చేయలేరా? ఎల్లుండి దొర మనింటికి వస్తున్నాడు. చేసినవాళ్ళకు నా మెళ్ళో హారం ఇస్తాను. చేతకాకపోతే, విరూపాక్షయ్యా, వంటశాల పెత్తనం మరొకరికి!"

"ఇదేం బ్రహ్మవిద్య ప్రభూ!" అని మీసం దువ్వాడు వంటశాల పెద్ద విరూపాక్షయ్య. ఆయనకు తన చేతివంటంటే ఎంత గొప్పో, తన నిష్ఠంటే అంతకన్నా గొప్ప. గుడ్డు పేరెత్తితే చెవులు మూసుకునేవాడు.

పొయ్యి దగ్గర ఎంత చెమటోడ్చినా ఆయన బిస్కత్తులు దిబ్బరొట్టెల్లాగే వచ్చాయి. కోట కుక్క వాసన చూసి పక్కకు పోయింది.

రాణిగారి చెలికత్తె మాణిక్యం మాత్రం యానాంలో విందు జరుగుతున్నంతసేపూ దొర వంటింట్లోనే కూర్చుని అంతా చూసి వచ్చింది. దొర వచ్చే రోజున ఆమె పిండి జారుగా కలిపి, రేకు మీద గరిటె వెనకతో పల్చగా రాసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చింది. అంచులు ఎర్రబడగానే తీసి, వేడివేడిగా అప్పడాల కర్ర మీద వంచింది. అన్నీ పెంకుల్లా వంపు తిరిగాయి. వాటిని వెండి పళ్ళెంలో పెట్టి, చీర మార్చుకోవడానికి వెళ్ళింది.

వచ్చేసరికి పళ్ళెం లేదు!

పరుగున సభకు వెళ్ళింది. అక్కడ విరూపాక్షయ్య ఆ పళ్ళెం పట్టుకుని దొర పక్కన నిలబడి ఉన్నాడు. దొర అప్పటికే ఒకటి కొరికి, "అచ్చం మా ఊరివే!" అని చప్పట్లు కొడుతున్నాడు. రాజావారి చెయ్యి హారం మీదికి పోయింది.

"ఎలా చేశావయ్యా?"

"వెన్న, పంచదార, మైదా, కాసిని బాదం పలుకులు ప్రభూ," అన్నాడు విరూపాక్షయ్య ఛాతీ విరుచుకుని. "రుచికి రెండు మూడు తిన్నాను కూడా. అమృతమే!"

మాణిక్యం చేతులు జోడించింది. "ఏలినవారు ఆయనకు హారం ఒక్కటే ఇస్తే చాలదు. పాపం, తమకోసం నిష్ఠే వదులుకున్నారు."

"నిష్ఠేమిటే?"

"గుడ్డులో తెల్లసొన పడందే ఈ కరకర రాదు ప్రభూ. దొరగారినే అడగండి."

దొర నవ్వుతూ తలూపాడు. విరూపాక్షయ్య ముఖం సున్నం కొట్టినట్టయింది.

"రామ రామ! గుడ్డా? నేను చేయలేదు ప్రభూ! ఇవి మాణిక్యం చేసినవి! నేను పళ్ళెం ఎత్తుకొచ్చానంతే!"

మాణిక్యం బుగ్గన వేలు పెట్టుకుంది.

"చేయకపోతే పోయింది లెండి బాబుగారూ. తిన్నవాటి సంగతేం చేద్దాం?"

విరూపాక్షయ్య రెండు చేతులా నోరు మూసుకుని నూతి వైపు పరుగు తీశాడు. సభ గొల్లుమంది. రాజావారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతూనే హారం తీసి మాణిక్యం చేతిలో పెట్టారు. వంటశాల తాళాలూ తెప్పించి ఇచ్చారు.