చింతలదిబ్బ మీదుగా

పోలయ్యకు సముద్రం మీద తెలియని చోటు లేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్క చోటే అతని నోటి కాడి కూడు లాగేసేలా ఉంది.

కామన్న మాలిమి దగ్గర శిష్యరికం చేసినవాళ్ళలో అంత చురుకైనవాడు మరొకడు లేడు. మాలిమి అంటే ఓడకు దారి చూపేవాడు. కంపాసు ముల్లు చూసి దిక్కు పట్టడం, ముడులు వేసిన తాడు నీళ్ళలోకి వదిలి ఓడ వేగం కట్టడం, ఆ రెండూ కలిపి పటం మీద ‘ఇదిగో, ఇక్కడున్నాం’ అని వేలు పెట్టి చూపడం, అన్నీ పోలయ్య ఇట్టే పట్టేశాడు. రంగూనులో టేకు దుంగలు వేసుకుని బయల్దేరితే దారంతా కళ్ళు మూసుకుని చెప్పగలడు. కానీ కోరంగి రేవు ఇంకొంచెం దూరంలో ఉందనగా చింతలదిబ్బ వస్తుంది. అక్కడికి వచ్చేసరికి మాత్రం అతని చేతిలోని చుక్కాని తనంతట తానే పడమటికి తిరిగిపోయేది.

చింతలదిబ్బ ఇప్పుడు ఊరు కాదు, నీళ్ళు. మూడేళ్ళ కిందట ఉప్పెన వచ్చి ఇళ్ళనీ మనుషుల్నీ ఊడ్చుకుపోయింది. అప్పుడు పోలయ్య రంగూనులో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఊరు లేదు, పెళ్ళయి ఏడాదన్నా తిరగని నీలమ్మ లేదు. చివరి చూపుకైనా నోచుకోలేదు పాపం.

ఆ నీళ్ళ పక్కగా ఓడ పోయినప్పుడల్లా నీలమ్మ అతన్ని పిలిచేది.

అలా రెండుసార్లు ఓడ దారి తప్పింది. రెండోసారి అడుగు భాగం ఇసుకలో ఒరుసుకుని, అందరి ప్రాణాలూ అరచేతిలోకి వచ్చాయి. ఓడ ఆసామి కామన్నను పిలిచి చెప్పేశాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే వాణ్ణి ఒడ్డున దింపేయాల్సిందే, ఆ తరవాత ఏ ఓడా ఎక్కించుకోకుండా తనే చూస్తానని. సముద్రం తప్ప మరో బతుకు తెలియని మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

ఈసారి చింతలదిబ్బ ఇంకా ఒక రోజు దూరంలో ఉందనగా పోలయ్య గురువు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

“గురువుగారూ, దాపరికం లేకుండా చెప్పండి. ఆ గొంతు నిజంగా ఉందాండీ, నాకే పిచ్చెక్కిందాండీ?”

కామన్న మాటల విషయంలో పరమ పిసినారి. నోరు విప్పితే తెరచాపకు గాలి తగ్గిపోతుందని ఆయన భయమని కళాసీలు వేళాకోళం చేసేవారు.

“రేపు సూద్దాం” అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారేసరికి మంచు కమ్మేసింది. చుక్కాని దగ్గర నిలబడినవాడికి ఓడ ముక్కు కనబడటం లేదు. గాలి అంతంతమాత్రం. ఓడ కదులుతోందని పక్కన నీళ్ళు చూస్తే తప్ప తెలియదు. కంపాసు పెట్టె అద్దం మీద చెమ్మ పడితే కామన్న పంచె చెంగుతో తుడిచి చూశాడు. ఓడ తీరం వెంట దక్షిణం ముఖంగానే పోతోంది. సరైన దారే.

మొదట రోకటి పోట్లు వినిపించాయి. దూరంగా ఎవరో వడ్లు దంచుతున్నారు.

కళాసీల చేతుల్లో తాళ్ళు ఆగిపోయాయి. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేని చోట రోలెక్కడిది? ఆ తరవాత కోడి కూసింది. ఒకడు గంగమ్మ తల్లికి దండం పెట్టుకున్నాడు. మరొకడు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు.

“మావా... ఇటొచ్చెయ్ మావా.”

పోలయ్య చుక్కాని గట్టిగా పట్టుకున్నాడు. ఆ గొంతు పడమటి నుంచే వస్తోంది. కామన్న వచ్చి అతన్ని పక్కకు జరిపి చుక్కాని తీసుకున్నాడు. హమ్మయ్య, గురువు పట్టాడు, ఇక భయం లేదనుకున్నాడు పోలయ్య.

కామన్న చుక్కాని తిప్పాడు. ఓడ పడమటికి తిరిగింది, ఆ గొంతు వస్తున్న వైపుకే.

“మాలిమిగారూ! మీకూ పట్టిందా ఏంటండీ!” కళాసీలు గోల పెట్టారు.

ఆయన వాళ్ళ మాట విననట్టే ఉన్నాడు. లోతు చూసే సీసపు గుండు తీసి పోలయ్య చేతికిచ్చాడు. దాని అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో కొవ్వు మెత్తి దించితే సముద్రం అడుగున ఏముందో అది అంటుకుని పైకొస్తుంది. గుండుకు కట్టిన తాడుకు బారకొక తోలుముక్క చొప్పున గుర్తులు.

“వెయ్యి” అన్నాడు.

పోలయ్య ముందుకెళ్ళి గుండు వేశాడు. “ఆరు బారలండి.”

“అడుగున?”

“ఇసకండి.”

“మళ్ళీ వెయ్యి.”

అయిదు బారలు. బురద. రోకటి పోట్లు ఇప్పుడు దగ్గరగా వినిపిస్తున్నాయి.

నాలుగు బారలు. పోలయ్య గుండు తీసి చూశాడు. కొవ్వుకు వడ్ల ఊక అంటుకుని ఉంది. ఈ పూటే చెరిగి పారబోసినట్టు, ఇంకా పచ్చగానే ఉంది.

మూడు బారలు. ఈసారి పొయ్యిలోని బూడిద వచ్చింది. వేళ్ళతో నలిపితే వెచ్చగా తగిలింది. తన చేతి వేడే అనుకుందామని చూశాడు. కానీ ఆ చలికి అతని చేతులు ఎప్పుడో కొయ్యబారిపోయాయి.

“మావా... ఇటొచ్చెయ్ మావా.”

గొంతుతో పాటు గాజుల చప్పుడు కూడా వినిపించింది. పోలయ్యకు ఏడుపొచ్చింది. మూడేళ్ళుగా లేని సంతోషం కూడా వచ్చింది. ఆ సంతోషానికే అతనికి ఎక్కువ భయం వేసింది.

వెనక నుంచి కామన్న గొంతు, అన్నానికి రమ్మని పిలిచినంత మామూలుగా వినబడింది.

“ఒరే పోలా, మన ఓడకి రెండు బారల నీళ్ళు కావాలి. మూడున్నాయి. పొమ్మంటే పోతాను, తిప్పమంటే తిప్పుతాను. నువ్వే చెప్పు.”

పోలయ్య వెనక్కి తిరిగాడు. కళాసీలు అతని వంకే చూస్తున్నారు. వాళ్ళందరికీ ఒడ్డున ఇళ్ళున్నాయి.

అతను ఓడ ముక్కు మీదికి వంగి మంచులోకి కేకేశాడు.

“నీలా! అక్కడ లోతెంతుందే?”

రోకటి పోట్లు టక్కున ఆగిపోయాయి.

“మావా... ఇటొచ్చెయ్ మావా.”

“లోతెంతే అంటన్నాను!”

“మావా... ఇటొచ్చెయ్ మావా.”

అదే ముద్దు, అదే సాగదీత, అక్షరం కూడా తేడా లేదు. బతికున్న నీలమ్మ గడప దగ్గర నాలుగు చుక్కల నీళ్ళు ఒలికితేనే ‘జారతావు, సూసుకో మావా’ అని ఇల్లెగిరిపోయేలా కేకలేసే మనిషి.

పోలయ్య గుండు విసిరాడు. తాడు చేతిలో ఎంతో సేపు జారలేదు.

“రెండున్నర! తిప్పెయ్యండి గురువుగారూ, తూర్పుకి తిప్పెయ్యండి!”

కామన్న ఒళ్ళంతా బరువు వేసి చుక్కాని తోశాడు. ఓడ మూలుగుతూ తిరిగింది. తిరుగుతున్నంత సేపూ అడుగున ఏదో రాసుకుంటూ పోయింది. ఇసుకైతే కరకరమనాలి. అది మెత్తగా, చప్పుడు లేకుండా, ఓడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయి వదిలేసింది.

పిలుపు వెనకబడింది. ఆ తరవాత అసలు వినబడలేదు.

పోలయ్య తడితాడు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ఎవరూ ఓదార్చడానికి రాలేదు, అదే మేలయింది. చివరికి మొహం తుడుచుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు.

“మీకూ ఇనబడిందాండీ?”

“ఆఁ.”

“నీలమ్మేనాండీ?”

“నాకు నీలమ్మ ఎందుకు పిలుత్తాదిరా. మా పెద్దోడు.”

కామన్న పెద్దకొడుకు సముద్రంలోనే పోయాడని పోలయ్యకు తెలుసు. కానీ అతను పోయింది ఇక్కడ కాదు, ఎక్కడో బందరు దగ్గర.

“అయితే ఆ పిలిచేది ఎవరండీ?”

“తెలీదు. పిలిచినప్పుడల్లా నాకూ ఎల్లాలనే ఉంటాది.”

కామన్న కంపాసు అద్దం తుడిచాడు. చుక్కాని పోలయ్య చేతికిచ్చి, రేవు దాకా నువ్వే నడపమన్నట్టు తలూపాడు. ఆ తరవాత గుండు ఒళ్ళో పెట్టుకుని, కొవ్వుకు అంటిన బూడిదను గోటితో గీకి నీళ్ళలోకి వదిలాడు.

“పిలిచేవోళ్ళకి లోతుతో పనేముందిరా” అన్నాడు.