మాంత్రికుడి దాహం

నీళ్ళకు కరువెరగని పూలకోన అనే రాజ్యం అనగనగా ఉండేది. దానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ఉండే కరాళుడనే మాంత్రికుడు ఒక ఏడాది పూలకోన బావులన్నీ మంత్రంతో తాగేశాడు. ఎంత తాగినా వాడి గొంతు మండుతూనే ఉండేది. ఇక్కడ జనం అల్లాడిపోయారు.

పెద్దకొడుకు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు విల్లు పట్టుకుని వెళ్ళాడు, అతనూ రాలేదు. "ఇక నేనెళ్తానమ్మా" అన్నాడు మూడోవాడు సుకేతుడు. రాణి ఇంట్లో మిగిలిన నీళ్ళన్నీ సొరబుర్రలో పోసిచ్చింది. పక్కనున్నవాళ్ళ నోట్లో గుక్కెడు పొయ్యకుండా తాను తాగకపోవడం పూలకోన వాళ్ళ ఆనవాయితీ.

సముద్రపు ఒడ్డున వలతాడు చుట్టుకున్న తాబేలు కనిపిస్తే సుకేతుడు ఓపిగ్గా చిక్కు విప్పాడు. "నీ మేలు మరువను బాబూ" అని అది అతన్ని వీపు మీద ఏడు సముద్రాలూ దాటించింది. "మాంత్రికుడి ప్రాణం ఆ గుహలో చిలుకలో ఉంది. కోపంతో దగ్గరికెళ్తే రాయైపోతావు. మనసు జాగ్రత్త" అని చెప్పింది.

చెప్పడం తేలిక. గుహలో రాళ్ళైన అన్నలు కనబడగానే సుకేతుడికి ఒళ్ళు మండింది. చిలుక మెడ పిసికెయ్యాలనుకున్నాడు. అంతే, మోకాళ్ళదాకా రాయయ్యాడు.

భయంతో నోరెండిపోయి సొరబుర్ర మూత తీశాడు. అలవాటు కొద్దీ పక్కకు చూస్తే చిలుక తప్ప ఎవరూ లేరు. పంజరంలో అది నోరు తెరిచి వగరుస్తోంది.

"అయ్యో, నీకెవరూ నీళ్ళు పట్టలేదా?" అంటూ ముందు దానికే పోశాడు. ఆ జాలిలో కోపం ఎటుపోయిందో, కాళ్ళు కదిలాయి. చిలుక ఇంకా కావాలంది. సుకేతుడు తనకు ఒక్క చుక్కైనా మిగుల్చుకోలేదు.

కరాళుడు గొంతు తడుముకుంటూ పరుగెత్తుకొచ్చాడు, వెనకే వాడి కూతురు మందారవల్లి.

"నా దాహం తీర్చింది నువ్వేనా నాయనా? ప్రాణం పోతుందేమోనని ఈ చిలుకలో దాచుకున్నానే గానీ, దానికి నీళ్ళు పట్టాలని నాకే తోచలేదు" అని వాడు సుకేతుడి చేతులు పట్టుకుని ఏడ్చాడు. రాళ్ళైన అన్నలు లేచారు. పూలకోన బావులు నిండాయి.

"మా నాన్న నెమ్మదిగా ఉండగా చూడటం ఇదే మొదలు. నీకు చేతులెత్తి మొక్కాలి" అంది మందారవల్లి.

"మొక్కులెందుకు, మా ఊరు రారాదూ" అన్నాడు సుకేతుడు.

ఆమె వచ్చింది, పెళ్ళైంది, ఇద్దరూ చిరకాలం చల్లగా ఏలారు. కరాళుడు పొలిమేరలో చలివేంద్రం పెట్టుకున్నాడు. కత్తి వీరుడూ విల్లు వీరుడూ కుండలు మోశారు. తగువులాడుకుంటూ వచ్చేవాళ్ళకు కరాళుడు ముందు పోసేవాడు. తాగినవాళ్ళు "చల్లగా ఉండు తాతా" అని దీవిస్తే, ఆ ఊరిని ఎండగట్టిన ముసలాడు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకునేవాడు.