కొండకి కోడలైన పికిలిపిట్ట

ఆ అద్దం అవతల పెట్టు చిన్నీ. ఊడిన పన్ను మళ్ళీ వచ్చిందో లేదో రేపు చూసుకుందువుగాని. ఇలా నా పక్కకి జరిగి కథ విను.

అనగనగా మన్యంలో ఒక కొండ. ఆ కొండకి పల్లం నుంచి ఒక పికిలిపిట్ట కోడలుగా వచ్చింది. తల మీద నల్ల కుచ్చు, తోక కింద ఎర్ర మచ్చ. పేరు కెంపి. నోరు తెరిస్తే పుట్టింటి గొప్పలే!

మొదటి ఏడు మాఘమాసం వచ్చింది. పల్లంలో మామిళ్ళు పూసే వేళ. "మా అమ్మ ఇప్పుడే గూడు కడుతుంది" అని కెంపి గూడు కట్టేసి గుడ్లు పెట్టింది. కొండ మీద ఇంకా ఎముకలు కొరికే చలి. అది మేతకి వెళ్ళి వచ్చేసరికి గుడ్లు చల్లబడిపోయాయి. ఒక్కటీ పిల్ల కాలేదు.

ఆ తర్వాతి ఏడు భయపడి ఎండలు ముదిరేదాకా ఆగింది. పిల్లలు పుట్టాయి. కానీ అప్పటికి ఆకులు ముదిరాయి, పురుగులన్నీ సీతాకోకలై ఎగిరిపోయాయి. పిల్లల నోట్లో పెట్టడానికేం లేదు. పైగా వాన పట్టుకుంది. ఒక్కటీ దక్కలేదు. కెంపి ఎంత ఏడ్చిందో! ఏడవదూ మరి?

అప్పుడు అత్త పిట్ట దగ్గరికొచ్చి కూర్చుంది. "నెల చూసి కాదమ్మా, చెట్టుని చూసి కట్టాలి. మద్దిచెట్టు చిగురేస్తే గుడ్లు పెట్టు. పిల్లలు నోరు తెరిచే వేళకి ఆ చిగురు నిండా పురుగే" అంది.

మూడో ఏడు చలి ఓ పట్టాన పోలేదు. పల్లం నుంచి కెంపి అక్క వచ్చింది. "ఏమే, ఇంకా విశేషమేం లేదా? మా పిల్లలు ఎగురుతున్నారు కూడానూ!" అంది. మొగుడు పిట్ట పుల్ల పట్టుకుని తయారు. చివరికి అత్తకే కాలు నిలవలేదు. "కట్టెయ్యమ్మా, పోయినేడు ఈపాటికి చిగురేసిందిగా" అంది.

"మీరే చెప్పారుగా అత్తయ్యా, చెట్టుని చూడమని. అది ఇంకా నిద్రలోనే ఉంది" అంది కెంపి. అత్త మేతకి ఎగిరిపోయింది.

ఆ తర్వాత ఒక పొద్దున మద్దికొమ్మకి లేత చిగురు కనబడింది. కెంపి ఆ పూటే గూటికి పుల్ల ముట్టింది. పిల్లలు నోరు తెరిచే వేళకి కొమ్మ కొమ్మకీ పురుగులు వేలాడాయి. పెట్టిందే పెట్టడం, తిన్నదే తినడం!

కొన్నాళ్ళకి అక్క మళ్ళీ వచ్చింది. గూడు ఖాళీగా ఉంది. "అయ్యో, ఈ ఏడూ అంతేనా చెల్లీ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కెంపి నవ్వి పైకి చూపించింది. మద్దిచెట్టు చిటారుకొమ్మ మీద మూడు పిల్లలు, మూడూ బొద్దుగా, రెక్కలు విదిలిస్తున్నాయి.

నీ పన్నూ వస్తుందిలే తల్లీ. పక్కింటి పిల్లకి వచ్చిందని దానికేం తెలుసు?

ఆకు వచ్చె కొమ్మకి, పురుగు దొరికె అమ్మకి,
కథ పోయె కంచికి, కునుకు వచ్చె కంటికి.