కిందికి లాగిన రీడింగులు

నల్లగుట్ట అడవిలో ఎండలు ముదిరితే ఆకులకన్నా ముందు ఓపికలు రాలిపోతాయి. వాగు కింద, మందలు పైన, మధ్యలో నిటారుగా గుట్ట. అందుకే జంతువులన్నీ కలిసి వాగొడ్డున మోటార్లు పెట్టించుకున్నాయి. మోటార్లు తిరిగితే గుట్టమీది తొట్టి నిండుతుంది. తొట్టి నిండితే జింకపిల్ల మొదలు ముసలి దుప్పి దాకా గొంతు తడుపుకుంటాయి. తిరగకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనరు.

మోటార్లున్నచోట ఆఫీసు వెలుస్తుంది. ఆఫీసు వెలిసినచోటికి నక్క తనంతట తనే వస్తుంది. ఈ ఆఫీసు నక్క పేరు నరసింగరావు, హోదా సూపర్‌వైజరు. దానికింద ఇద్దరు. ఎద్దు ఓబులేసు పొద్దున్నే మోటార్లన్నిటి దగ్గరికీ తిరిగి, వేడి కొలిచే గన్ను పెట్టి, ఏ బేరింగు ఎంత కాగిందో చూసి వస్తాడు. గాడిద సుంకులమ్మ ఆ అంకెల్ని కంప్యూటర్లో ఎక్సెల్ షీటుకి ఎక్కిస్తుంది. పని అక్కడితో అయిపోతే ఇద్దరూ హాయిగా నెమరు వేసుకునేవాళ్లు. సుంకులమ్మకు నెమరు లేదు గానీ, అంత తీరిక దొరికితే అదీ నేర్చుకునేది.

కానీ గుట్టమీది ప్రెసిడెంటు ఏనుగుగారు కొత్తగా ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. అందులో మోటారు మోటారుకీ ఒక పేజీ. రీడింగు బాగుంటే పచ్చదీపం. వేడి ఎనభై దాటితే ఎర్రదీపం. అసలు రీడింగే పడకపోతే పసుపుదీపం. మంచి ఏర్పాటే, ఎవరూ కాదనరు. మరి షీటు తీసేశారా? లేదు.

"షీటు మనకు అలవాటు, సాఫ్ట్‌వేర్ పైవాళ్లకు ముచ్చట. రెండూ ఉండనీ" అన్నాడు నరసింగరావు. టైపు కొట్టేది తను కాదు కదా!

దాంతో సుంకులమ్మ ఒకే అంకెను రెండుచోట్ల కొట్టడం మొదలుపెట్టింది. షీటులో 'వాగు మోటారు' అని ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ పేరు తెలీదు, దానికి కోడు కావాలి. షీటులో తేదీ ముందు, నెల వెనక. సాఫ్ట్‌వేర్‌కు తిరగేసి కావాలి. ఒక్క గడి అటూ ఇటూ అయితే చాలు, పంపిన షీటు మొత్తాన్నీ వెనక్కి ఉమ్మేస్తుంది. ఇటుక బట్టీలో మోసిన బరువుకన్నా ఈ అంకెల బరువు ఎక్కువని సుంకులమ్మకు తెలిసొచ్చింది. ఇటుక దించితే దిగుతుంది. అంకె దించితే, మళ్లీ ఎక్కించమంటుంది.

అయినా ఆ కుర్చీ వదిలే ధైర్యం లేదు. బట్టీ నుంచి పారిపోయి వచ్చి చేరిన కొలువు అది. ఇంతకుముందు అదే కుర్చీలో కూర్చున్న కోతి, నక్క చెప్పిన అంకెల్ని తన పేరు మీద ఎక్కించింది. మోటారు కాలింది. కోతిని అడవి దాటించారు. నక్క కుర్చీకి కొత్త దిండు వచ్చింది. పోతే తనకు దారి బట్టీకే. ఆ సంగతి సుంకులమ్మకు రోజూ గుర్తుంటుంది.

ఆ నెల ఓబులేసు మోటార్ల దగ్గరికి పోనే లేదు. ఎందుకంటే నరసింగరావు కొత్త గుహ కట్టుకుంటున్నాడు.

"ఏం ఓబులేసూ, మొహం అట్లా వేలాడేశావు?" అంది సుంకులమ్మ, బండలు లాగి లాగి ఆఫీసు నీడలో కూలబడ్డ ఎద్దును చూసి.

"మెడ పడిపోయిందక్కా. నిన్న గుమ్మానికి బండ, ఇవాళ అరుగుకు బండ. నక్కకు అరుగెందుకో నాకు అర్థం కాలేదు."

"కూర్చుని నీకు పని చెప్పడానికి. వాగు మోటారు చప్పుడు విన్నావా? పళ్లు కొరుకుతున్నట్టుంది."

"వినపడింది. చూసొస్తానంటే సారు పోనివ్వలే. తిరిగే మోటారు తిరుగుతూనే ఉంటుంది, ముందు నా బండ తిప్పమన్నాడు."

అంతలో నరసింగరావు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. తోక మీద సున్నం ఇంకా ఆరలేదు.

"సుంకులమ్మా! రేపు పొద్దున తొట్టి దగ్గర సభ. ప్రెసిడెంటుగారు అందరి ముందూ మన స్క్రీను తెరుస్తారట. దీపాలు ఏ రంగున్నాయి?"

"పసుపు సార్."

"ఎన్ని?"

"అన్నీ. నెలంతా రీడింగు లేదు కదా సార్. ఓబులేసు మీ అరుగు దగ్గరున్నాడు."

"అరుగు మాట ఇప్పుడెందుకు? నెలదీ ఒకేసారి ఎక్కించెయ్. పచ్చగా కనబడాలి."

"ఏం ఎక్కించను? కొలవలేదు."

"కొలిస్తే ఎంత వచ్చేది? అటూ ఇటూగా అరవై. ఆ అరవై వేసెయ్!"

సుంకులమ్మ చెవులు రెండూ వెనక్కి వాల్చింది. కోపం వచ్చే ఓపిక కూడా లేదు. "సార్, అందులో 'చూసినవారు' అని ఒక గడి ఉంది. నేను చూడలేదు. నా పేరు రాయను."

"ఓబులేసు పేరు రాయి."

"నేనూ చూడలేదు సార్" అన్నాడు ఓబులేసు, లేవకుండానే. "నేను చూసింది మీ బండల్నే. వాటి రీడింగు కావాలంటే చెప్తా."

"ఓహో! ఇద్దరూ యూనియన్ పెట్టారన్నమాట! ఏమ్మా, బట్టీ వాళ్లు ఇంకా నీకోసం వెతుకుతున్నారని విన్నాను. కబురు పెట్టమంటావా?"

 కోతి పోయిన దారి గాడిద కళ్లముందు కనబడింది. అయినా మాట మార్చలేదు. "తేదీలు సరిచేసి పెడతా. కోడ్లు వేసి పెడతా. అది నా పని. అంకె మాత్రం మీరు వేసి, మీ పేరుతో పంపండి. తర్వాత మీ ఇష్టం."

"ఇంత చిన్నపనికి ఇంత రాద్ధాంతమా? జరుగు!"

నరసింగరావు కుర్చీలో ఎక్కి కూర్చున్నాడు. అన్నీ అరవై ఒకటే అయితే అనుమానం రాదూ? తెలివైనవాడు కదా, ఆ మాత్రం ఆలోచించాడు. మొదటిరోజు గడిలో అరవై ఒకటి కొట్టాడు. రెండోరోజు, సహజంగా ఉండాలని, అరవై రెండు కొట్టాడు. రెండు గడులూ కలిపి పట్టుకుని, మూల మీద పంజా పెట్టి, నెల చివరిదాకా సర్రున కిందికి లాగాడు. గడులన్నీ టకటకా నిండిపోయాయి. ఆ వరసను తీసి మిగతా మోటార్లన్నిటికీ అతికించాడు. స్క్రీను పైకి తెచ్చి చూసుకుని మురిసిపోయాడు. పైన అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు. ముద్దుగా ఉన్నాయి.

"చూశావా? నువ్వు రోజంతా ఏడ్చే పని, నాకు ఆవులించేంతసేపు!"

సుంకులమ్మకు గడుల్లో ఏదో తేడా కనబడింది. "సార్, పంపేముందు ఒకసారి కిందిదాకా చూసుకోండి."

"నాకు చెప్తావా? గాడిదవి గాడిదలా ఉండు."

"సరే సార్" అంది. చెప్పాల్సింది ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పే ఓపిక ఈ ఆఫీసులో ఎవరికీ మిగల్లేదు.

'చూసినవారు: నరసింగరావు' అని కొట్టి, నక్క పంపే మీట నొక్కి, అరుగు చూసుకోవడానికి పోయాడు.

మర్నాడు తొట్టి చుట్టూ అడవంతా చేరింది. ప్రెసిడెంటు ఏనుగుగారు తొండంతో స్క్రీను తెరిచాడు. ఒక్క పచ్చదీపం లేదు. అన్నీ ఎర్రవే. మోటార్లన్నీ కూడబలుక్కున్నట్టు రోజుకో మెట్టు వేడెక్కుతూ, ఎనభై దాటి, నెలాఖరుకు తొంభై మీద నిలబడ్డాయి. రెండు అంకెలు చూపించి కిందికి లాగితే, షీటు మిగతా గడుల్లో ఒక్కొక్కటే పెంచుకుంటూ పోతుందని నక్కకు తెలీదు. కింద సాఫ్ట్‌వేర్ తనంతట తనే ఆర్డరు రాసిపెట్టింది: వెంటనే ఆపండి, విప్పండి, చూడండి. విప్పాల్సింది 'చూసినవారు'.

జింకలు బిక్కమొహం వేశాయి. ముసలి దుప్పి తొట్టిలోని నీళ్లను చూసి, అవి ఇంకా ఎన్నాళ్లు వస్తాయోనని, తాగబోయి ఆగింది.

"ఎవరు ఎక్కించారివి?" అన్నాడు ఏనుగు.

"సుంకులమ్మ సార్!" అన్నాడు నక్క, ప్రశ్న ముగియకముందే. "చదువులేనిది, బట్టీ సరుకు. నేను ఎన్నిసార్లు చెప్పినా..."

"ఇక్కడ నీ పేరుంది."

నక్క స్క్రీను దగ్గరికి వంగి చూశాడు. "అంటే... టైపింగు పొరపాటు సార్. అంకె జారింది."

"అన్ని మోటార్లకీ, అన్ని రోజులకీ, ఒకేలా జారిందా?"

అప్పుడు సుంకులమ్మ ముందుకొచ్చింది. అరవలేదు. గొంతు కూడా పెంచలేదు. "ప్రెసిడెంటుగారూ, సారును నేనొకటి అడగొచ్చా?"

"అడుగు."

"నరసింగరావు సార్, ఈ రీడింగులు మీరు చూశారా, చూడలేదా? చూశారంటే, మోటార్లు రోజురోజుకీ కాగుతుంటే మీరు నెలంతా నోరు మెదపలేదు. చూడలేదంటే, చూశానని రాసి మీ పేరు పెట్టారు. రెంట్లో ఏదైనా ఒప్పుకుంటాం. ఏదో మీరే చెప్పండి."

సభంతా నక్కవైపు తిరిగింది. నక్క అటు చూశాడు, ఇటు చూశాడు. అబద్ధమాడానని ఒప్పుకుంటే కోతి దారి. చూశానంటే కాస్త తిట్లతో పోతుంది. లెక్క వేసుకున్నాడు.

"చూశాను సార్! నా కళ్లతో, నా పంజాతో! మిమ్మల్ని కంగారు పెట్టడమెందుకని ఊరుకున్నాను."

"మంచిది" అన్నాడు ఏనుగు. "చూసినవాడే విప్పాలని ఆర్డరులో ఉంది. ఓబులేసూ, ఆ పానా ఇటివ్వు."

"అన్నీనా సార్?" అన్నాడు నక్క నీరసంగా.

"ఒక్కటే కాగిందని రాశావా?"

మండుటెండలో నరసింగరావు మోటారు తర్వాత మోటారు విప్పాడు. నునుపైన పంజాలకు గ్రీజూ మట్టీ అంటుకున్నాయి. విప్పిన ప్రతిదీ చల్లగా, బాగానే ఉంది. ఉత్త శ్రమ. చివరికి వాగు మోటారు విప్పితే లోపల గ్రీజు చుక్క లేదు, కాగి కాగి బేరింగు నీలం తిరిగింది.

"ఇంకొన్నాళ్లు తిరిగుంటే కాలిపోయేదక్కా" అన్నాడు ఓబులేసు, వంగి చూసి.

నక్క ఎగిరి గంతేశాడు. "చూశారా! నేను ముందే చెప్పానా లేదా?"

"చెప్పలేదు" అన్నాడు ఏనుగు. "రాశావంతే. పైగా చల్లగా ఉన్నవాటికీ అదే రాశావు. అంటే దేన్నీ చూడలేదు. మొత్తానికి రెండూ నువ్వే ఒప్పుకున్నట్టయింది."

సాయంత్రానికి కొత్త గుహ బండలు గుట్ట దిగి మోటార్ల కింద దిమ్మెలయ్యాయి. ఈసారి లాగింది నక్క. సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయింది. వేడి కొలిచే గన్ను నక్క మెడకు వేలాడదీశారు. పొద్దున్నే నక్క మోటారు మోటారు దగ్గరికీ తిరగాలి, వెనకే ఓబులేసు నడిచి అంకె సరిచూడాలి.

సుంకులమ్మ కుర్చీ సుంకులమ్మకే ఉంది. బట్టీ మాట ఇక ఎవరూ ఎత్తలేదు. పోతూ పోతూ ఏనుగుగారు ఆప్యాయంగా దాని వీపు నిమిరాడు.

"భేష్ సుంకులమ్మా! ఇకమీదట ఇలాంటి మోసం జరక్కుండా ఒక పని చేద్దాం. షీటులో ఒకసారి, సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి, జాగ్రత్త కోసం నాకు వేరే షీటులో ఇంకోసారి. సరేనా?"

సుంకులమ్మ గడ్డం తీసుకెళ్లి కీబోర్డు మీద ఆనించింది. స్క్రీను మీద ఒకే అక్షరం వరసగా, అంతులేకుండా పడుతూ పోయింది. అది చెరిపే ఓపిక ఆ పూటకు ఎవరికీ లేకపోయింది.

నీతి: చూడనిదాన్ని చూశానని రాసినవాడు, చూసినవాడి బరువంతా మోయాల్సిందే.