బొమ్మలో చిక్కుకున్న తేదీ

అన్యాయం జరిగింది ఉరుకుందమ్మకి. జరిగింది 2025 జూన్ పద్నాలుగు, శనివారం, సాయంత్రం ఐదు గంటలకి. ఆ గంటతో ఆశ్రమం హాస్టల్లో చేరడానికి గడువు ముగిసింది. ఆ సంగతి ఆమెకి చెప్పవలసిన వెబ్ పేజీ చెప్పలేదు.

చెప్పలేదన్న సంగతి ఆ పేజీ చేసిన బసవరాజుకి కూడా తెలియదు. అతను ఆ సాయంత్రం తన పేజీని పొగిడిన వాళ్ళకి దండాలు పెడుతూ కూర్చున్నాడు.

ఆదోని దాటాక గుట్టల కింద ఉంది ఆ ఆశ్రమం. చిన్నది. నడిపే సన్యాసినికి దీక్షా నామం ఏదో ఉంది గాని, అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. కాషాయం కట్టకముందు ఆమె బెంగుళూరులో వెబ్ పేజీలు చేసే కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసింది. ఇక్కడికొచ్చాక డిగ్రీ చదివే పేదింటి ఆడపిల్లలకి ఉచితంగా హాస్టల్ పెట్టింది. దాన్ని ఆనుకుని ఒక గదిలో కంప్యూటర్లు పెట్టి, నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకి పేజీ కట్టడం నేర్పుతుంది. ధ్యానం ఎంత శ్రద్ధగా నేర్పుతుందో ఇదీ అంతే. రెండింటిలోనూ మాటలు తక్కువ.

"వచ్చినవాళ్ళకి ఏం కావాలో అది ముందు పెట్టండి. అక్షరాన్ని అక్షరంగానే పెట్టండి."

మొదటి రోజు పాఠం ఇంతే. మిగతా శిష్యులు రాసుకున్నారు. బసవరాజు రాసుకోలేదు. ఇంత చిన్న మాటకి కలం ఎందుకనుకున్నాడు.

అతను అంతకుముందు ఫ్లెక్సీలు వేసే కొట్లో పనిచేశాడు. అక్షరానికి నీడ పెట్టడం, బంగారు అంచు దిద్దడం, వెనక మబ్బులు పరచడం చేతికి వచ్చిన విద్య. వెబ్ పేజీలో తెలుగు అక్షరాలు చప్పగా, ఉప్పు లేని కూరలా ఉంటాయని అతని బాధ. ఈ ఏడు హాస్టల్ పేజీ చేసే పని పెద్దమ్మ అతనికి అప్పజెప్పి, తాను మౌనదీక్షలో కూర్చుంది.

అతను ఆ ఉప్పేదో తానే వేశాడు. చెప్పవలసినదంతా ఫ్లెక్సీ మాదిరిగానే కట్టి, బొమ్మలుగా మార్చి పేజీకి ఎక్కించాడు. ఒక బొమ్మ జరిగితే ఇంకో బొమ్మ వస్తుంది. గుట్టల మీద సూర్యోదయం, తరువాత పెద్దమ్మ చేయెత్తి దీవిస్తున్నట్టు, తరువాత తామరపూల మధ్య నియమాలు, ఆ నియమాల కింద గడువు తేదీ. వెనక వేణువు. వాట్సాప్ గుంపుల్లో జనం మెచ్చుకున్నారు. "సినిమా పోస్టర్ మాదిరి ఉంది తమ్ముడూ" అన్నారు. తేదీ ఎప్పుడని వాళ్ళలో ఎవరికీ పట్టలేదు. వాళ్ళెవరికీ హాస్టల్ అవసరం లేదు మరి.

సోమవారం పొద్దున ఉరుకుందమ్మ మేనత్త భుజం పట్టుకుని ఆశ్రమం మెట్లెక్కింది. ఆ పిల్లకి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఇంటర్ మంచి మార్కులతో పాసయింది. ఆదోనిలో డిగ్రీ సీటు వచ్చింది. ఊరి నుంచి రోజూ వచ్చిపోవడానికి తిన్నగా బస్సు లేదు. హాస్టల్ దొరికితే చదువు, దొరక్కపోతే ఇల్లు. వాళ్ళ నాయన తేల్చి చెప్పేశాడు.

"గడువు శనివారమే అయిపోయిందమ్మా" అన్నాడు బసవరాజు. "గదులన్నీ నిండిపోయాయి."

"శనివారమా?" ఉరుకుందమ్మ ముఖం అతని గొంతు వైపు తిరిగింది. "మీ పేజీలో ఇంకా తేదీనే పెట్టలేదు గదన్నా. నేను దినామూ తెరిచి వింటి."

"పెట్టకపోవడమేంటి? నెల కిందటే పెట్టాను. ఎంత పెద్ద అక్షరాలో చూడు!"

తన ముందున్న తెరని ఆమె వైపు తిప్పాడు. తిప్పాక గుర్తొచ్చింది. మెల్లగా మళ్ళీ తన వైపుకి తిప్పుకున్నాడు.

మేనత్త ఆ తిప్పడం చూసింది. "కండ్లు లేని పిల్లకి బొమ్మలు చూపిస్తివా నాయనా? బాగుంది మీ చదువు."

బసవరాజుకి చెవులు వేడెక్కాయి. తప్పు ఒప్పుకునే ముందు ప్రతివాడూ వెతికే సందు ఒకటుంటుంది. అతనికీ దొరికింది.

"అట్లా కాదమ్మా. పక్కనున్న వాళ్ళని ఒక్క మాట అడిగుంటే చదివి చెప్పేవాళ్ళు గదా."

"ఎవర్నీ అడక్కుండా బతకల్లనే గదన్నా నేను ఈ చదివి వినిపించే ఫోను తీసుకున్నది" అంది ఉరుకుందమ్మ. కోపంగా కూడా అనలేదు.

మౌనదీక్ష ఆ పొద్దున్నే ముగించుకున్న పెద్దమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. బసవరాజు గబుక్కున లేచాడు.

"పెద్దమ్మా, పేజీలో లోపమేం లేదు. అందరికీ బాగానే కనబడుతోంది."

పెద్దమ్మ లోపలికొచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"తల్లీ, నీ ఫోను ఒకసారి వీడికిస్తావా?"

ఉరుకుందమ్మ ఫోను చాచింది. బసవరాజు అందుకున్నాడు.

"బసవా, మన హాస్టల్ గడువు ఎప్పుడో ఆ ఫోన్ని అడిగి చెప్పు" అంది పెద్దమ్మ.

ఫోను తెర నల్లగా ఉంది. అతను నొక్కి చూశాడు, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఛార్జింగ్ లేనట్టుంది."

"ఉందన్నా. తెర ఆర్పేసి పెట్టుకుంటా. ఆ వెలుతురుతో నాకేం పని, బ్యాటరీ దండగ. మీ పేజీ తెరిచే ఉంది. వేలితో పక్కకి తోస్తా పో, అక్షరముంటే అదే చదివి చెప్తది."

అతను తోశాడు. ఫోను ఏదో గడగడా వాగింది. ఒక్క ముక్క అంతు చిక్కలేదు. ఉరుకుందమ్మ నవ్వింది.

"ఇట్లా తే, నీ కోసం మెల్లగా పెడతా. కొత్తోళ్ళకి ఆ వేగం అందదులే."

మళ్ళీ అతని చేతికిచ్చింది. అతను వేలితో తోశాడు.

"చిత్రం" అంది ఫోను.

ఇంకోసారి తోశాడు.

"చిత్రం."

ఇంకోసారి.

"చిత్రం. పేరు లేని బటన్."

అంతలో పేజీలో బొమ్మ దానంతటదే జరిగింది. ఫోను మళ్ళీ మొదటికి వచ్చింది. "చిత్రం."

ఆ నల్లటి అద్దం కింద ఏముందో బసవరాజుకి తెలుసు. బంగారు అంచులున్నాయి, సూర్యోదయం ఉంది, ఒక్కో అక్షరానికి తాను కూర్చుని దిద్దిన నీడ ఉంది. బొమ్మగా మారిన ఆ అక్షరాలు ఫోనుకి అక్షరాలు కావు. వేలు మళ్ళీ తోసింది. "చిత్రం." వంటింట్లో ఎవరో అన్నం గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది. వేణువు మోగుతూనే ఉంది. "చిత్రం. చిత్రం. పేరు లేని బటన్."

"అది తెరుచుకునేటప్పటికే నా నెట్టంతా అయిపోతుండె" అంది ఉరుకుందమ్మ, ఎవరితోనో అన్నట్టు. "ఈ రోజు కాకపోతే రేపు పెడతారేమో అనుకుంటి."

బసవరాజు ఫోను బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడంట?" అని అడిగింది పెద్దమ్మ.



ఈ కథ విన్నవాళ్ళలో కొందరు, పాపం కుర్రవాడు, మొదటి పని గదా అంటారు. మొదటి పని బసవరాజుకి. ఉరుకుందమ్మకి వచ్చింది ఒకే ఒక్క సీటు. జాలిపడేవాళ్ళు ఎవరి మీద పడాలో కొంచెం చూసుకుని పడితే బాగుంటుంది.

పెద్దమ్మ లేచి కంప్యూటర్ల గదిలోకి వెళ్ళింది. స్విచ్చి ఆర్పి, గోడలోంచి వైరు పీకి, ఒక కంప్యూటర్ తెరని రెండు చేతులతో ఎత్తుకుని బయటికి తెచ్చింది. వసారాలో అరుగు మీద పెట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. అప్పటికి గాని మిగతా శిష్యులకి అర్థం కాలేదు. తలా ఒకటి పట్టుకున్నారు. గది ఖాళీ అయింది. ఎవరో ఊడ్చారు. ఎవరో మంచం తెచ్చి వేశారు.

"ఈ గది నీది తల్లీ" అంది పెద్దమ్మ. "ఇంకో మూడు మంచాలు కూడా పడతాయి."

మేనత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

బసవరాజు వసారాలో నిలబడ్డాడు. పడమటి వైపు తెరిచి ఉన్న వసారా అది. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా కొడుతుంది.

"పెద్దమ్మా, ఇక్కడ ఎండకి తెర మీద ఏమీ కనపడదు."

"నువ్వు చేశావు. నేను చూడకుండా వదిలేశాను" అంది ఆమె. "ఇద్దరం ఎండలో కూర్చుందాం." అని పీట లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

కాసేపటికి మళ్ళీ అంది: "ఈ పిల్ల వచ్చి అడిగింది. రానివాళ్ళు ఎంతమంది, బసవా?"

అతను తెరకి వైరు తగిలించడం మొదలుపెట్టాడు.

"గడువు నెలాఖరు దాకా పెంచుతున్నా. వాళ్ళకి చెప్పు."

అంతే. ఎట్లా చెప్పాలో చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం బసవరాజు బొమ్మలన్నీ తీసేశాడు. వేణువు తీసేశాడు. చెప్పవలసినది అక్షరాలుగా కొట్టాడు. అయినా చెయ్యి ఊరుకోలేదు. మీగడ రంగు మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టాడు, సన్నగా, చూడముచ్చటగా. ఎండ వసారాలోకి దిగింది. తెర మీద మీగడ మిగిలింది, అక్షరాలు మాయమయ్యాయి. చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. తువ్వాలు కప్పుకుని చూశాడు. పెద్దమ్మ పక్కనే కూర్చుని కళ్ళు మూసుకుని ఉంది. చెమట ఆమె కణతల మీది నుంచి కారుతోంది. అతను ఆ చెమట చూశాడు. బూడిద రంగు తీసేసి నలుపు పెట్టాడు. తెల్లటి నేల మీద నల్లటి అక్షరం. దానికి ఏ అంచూ దిద్దలేదు.

మర్నాడు గది గుమ్మం దగ్గర ఆగి పిలిచాడు. "చెల్లీ, ఒకసారి ఇది విని చెప్తావా?"

ఉరుకుందమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. వింటూ వింటూ మూతి తిప్పింది.

"ఆశ్రమం ఎప్పుడు కట్టినారు, రాళ్ళు ఎవరిచ్చినారు, పెద్దమ్మ ఎంత గొప్పది... బాగుందన్నా. తేదీ కాడికి వచ్చేలోపల నాకు నిద్ర పడతది."

పీట మీది నుంచి పెద్దమ్మ నవ్వు వినిపించింది. బసవరాజు కూడా నవ్వబోయి మానేశాడు. తేదీని పైకి తెచ్చాడు. పొగడ్త మొత్తం కొట్టేశాడు.

ఆమె మళ్ళీ విన్నది.

"ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి... ఏ 'ఇక్కడ' అన్నా? నొక్కితే యాడికి పోతానో చెప్పవా?"

అతను ఒక్కొక్క చోటా మార్చాడు. హాస్టల్లో చేరడానికి దరఖాస్తు. ఫోన్ చేసి మాట్లాడటానికి నంబరు. ఆశ్రమానికి దారి. ఉండవలసిన బొమ్మ ఒక్కటే ఉంచాడు, హాస్టల్ ముంగిలిది. అందులో ఏముందో ఫోను చదివేలా దాని వెనక మాటల్లో రాశాడు: రెండు మెట్లు, కుడిచేతి వైపు పట్టుకోవడానికి కమ్మీ, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అది విన్నాక ఉరుకుందమ్మ వేలు వెనక్కి తోసి ఇంకోసారి విన్నది.

ఎంతమంది ఆ పాత పేజీ తెరిచి, "చిత్రం, చిత్రం" అని విని, ఫోను పక్కన పెట్టేసి ఉంటారో బసవరాజుకి ఎప్పటికీ తెలియదు. ఆ లెక్క ఎవరూ చెప్పలేరు. తెలియదన్న సంగతి మాత్రం ఆ వసారాలో అతని పక్కనే కూర్చుంది. తరువాత చాలా పేజీలు చేశాడు. ప్రతిదానికీ అది వచ్చి కూర్చునేదట.

బుధవారం సాయంత్రానికి పేజీ పూర్తయింది. అతను తెరని పెద్దమ్మ వైపు తిప్పాడు.

"ఒకసారి చూడండి పెద్దమ్మా."

ఆమె చూడలేదు.

"నాకెందుకు? నాకు తేదీ తెలుసు గదా."

బసవరాజు తెర ఆర్పేశాడు. లేచి గది గుమ్మం దాకా వెళ్ళి, బయటే నిలబడ్డాడు. లోపల ఉరుకుందమ్మ ట్రంకు పెట్టె సర్దుకుంటోంది.

"చెల్లీ, ఇంకొక్కసారి. నీ వేగంలోనే పెట్టు. నాకోసం మెల్లగా వద్దు."

ఆమె ఫోను తీసింది. వేలు ఒక్కసారే కదిలింది. నల్లటి తెర గడగడా పలికింది. ఈసారి అతనికి ప్రతి అక్షరమూ వినిపించింది.

"హాస్టల్లో చేరడానికి ఆఖరి తేదీ, 2025 జూన్ 30, సోమవారం."