కారు ముఖాన లేసు తెర

ప్రవచనాలు చెప్పే కూర్మాచార్యులవారికి అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరు ఏ సందేహం అడిగినా చివరిదాకా విని, "ఊరనీ అమ్మా, కొన్నాళ్ళు ఊరనీ" అనేవారు, జాడీలో పెట్టిన ఆవకాయ గురించి చెప్పినట్టు. కొందరికి ఆ ఊరడంలోనే సందేహం తీరిపోయేది. కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు. వర్ధనమ్మ మరిచిపోయే మనిషి కాదు.

ఆవిడ అడిగినది ఇది. "పనిలో ఉన్నంతసేపు బాగానే ఉంటాను స్వామీ. వంట, వడ్డన, ప్రవచనానికి మిమ్మల్ని తీసుకెళ్ళి తీసుకురావడం, ఏది చెప్పినా చేస్తాను. కళ్ళు మూసుకుని జపానికి కూర్చున్నానా, ఒళ్ళంతా సెగ. అక్కయ్య గొంతు ఒక్కసారి వినబడితే చాలుననిపిస్తుంది. నామం నోట్లోనే ఉంటుంది, మనసు ఆవిడ వెనకాలే పోతుంది. ఇదేం జపం?"

అక్కయ్య అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు మాలక్ష్మమ్మ. నర్సాపురం దగ్గర ఒకే ఇంటికి ముందు ఆవిడ, తరవాత ఈవిడ కోడళ్ళుగా వచ్చారు. ఒకే పొయ్యి మీద వండుకున్నారు, ఒకరి పిల్లలకి ఒకరు తలంట్లు పోశారు. కారు నడపడం వర్ధనమ్మ నేర్చుకుంటే, పక్కన కూర్చుని దారిపొడుగునా కబుర్లు చెప్పడం మాలక్ష్మమ్మ వంతు అయింది. "నువ్వు చక్రం తిప్పవే, నేను నోరు తిప్పుతాను" అనేది. కిందటేడు కార్తికంలో, జ్వరమని పడుకున్న మనిషి మరి లేవలేదు. బావగారు కుప్పకూలిపోయారు. పిల్లలు గోడకి జారబడి కూర్చుండిపోయారు. తనూ ఏడిస్తే వాళ్ళని పట్టేదెవరని వర్ధనమ్మ పెదవి బిగబట్టింది. కర్మకాండలూ ఆ తరవాతి సంసారమూ అన్నీ తానై నడిపించింది. "గట్టి మనిషి" అన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆ మాట పడ్డాక ఇంక ఏడవడానికి ఆవిడకి ఎక్కడా చోటు దొరకలేదు.

రోహిణి కార్తెలో ఒక శిష్యుడి గృహప్రవేశం వచ్చింది. ఆచార్యులవారు ఎనభై దగ్గరపడిన మనిషి. ఎండదెబ్బ తగిలి ఒకసారి మంచాన పడి లేచిన శరీరం. వెళ్ళేటప్పుడు వేకువ గనక ఇబ్బంది లేకపోయింది. తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నమైంది. ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, వర్ధనమ్మ ఏసీ వేసి బయలుదేరింది. పక్క సీటు ఖాళీ. అక్కయ్య పోయిన దగ్గర్నుంచి అందులో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. కాలవగట్టు వెంట కారు సాగినంతసేపు చల్లటి గాలి వచ్చింది. రైలుగేటు దగ్గర ఆగేసరికి ఆ గాలే పొయ్యి మీంచి వచ్చినట్టు వెచ్చబడింది. గేటు తీశాక కదిలితే మళ్ళీ చల్లన. వంతెన మీద లారీలు అడ్డంపడి ఆగితే మళ్ళీ సెగ. ఆచార్యులవారి నుదుటి నామం చెమటకి కరిగి కనుబొమల మీదికి జారింది.

"నడుస్తుంటే చల్లన, ఆగితే వేడి. దీనికేం జబ్బమ్మా?" అన్నారాయన.

"తెలీదు స్వామీ" అంది వర్ధనమ్మ. అని, ఎందుకో అద్దంలో ఆయన ముఖం చూసింది. ఆయన కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తున్నారు.

దారిలో కార్ల ఏసీలు బాగుచేసే రేకుల షెడ్డు ఒకటి కనబడితే ఆపింది. మెకానిక్ జిలానీ కారు ముందుకొచ్చి నడుం మీద చేతులేసుకున్నాడు. "ఏంటండీ బాబూ ఇది! కారుకి పరికిణీ కట్టేరా?"

నర్సాపురం వైపు ఆడవాళ్ళ చేతిలో లేసు సూది ఉందంటే ఇంట్లో ఏ వస్తువూ బట్ట లేకుండా ఉండదు. టీవీకి లేసు, ఫ్రిజ్జుకి లేసు, మంచినీళ్ళ బిందె మూతకీ లేసు. మాలక్ష్మమ్మ ఇంకాస్త ముందుకి పోయింది. వానలు వెలిసిన రోజుల్లో కారు ముఖానికి తగిలి తూనీగలు చచ్చిపోవడం చూసి, "భగవంతుడి మాట వినడానికి పోతూ ఇన్ని ప్రాణాలు తీస్తామటే?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ముందుభాగానికి సరిపడా పెద్ద కంతలతో లేసు తెర అల్లి, తన చేత్తోనే ముళ్ళేసి కట్టింది. తరచూ విప్పి, దులిపి, ఉతికి కట్టేది. ఆవిడ పోయాక ఆ ముళ్ళు విప్పడానికి వర్ధనమ్మకి చేతులు రాలేదు. అలాగని తెర వేలాడిపోతుంటే చూడలేకపోయింది. అందుకని కారు మీద ఉండగానే కుంచెతో గంజి పట్టించేది. ఎంతో భక్తిగా పట్టించేది. గంజికి దుమ్ము అంటుకుంది, దుమ్ము మీద మళ్ళీ గంజి.

జిలానీ వేలితో తెరమీద కొడితే టకటకమంది. "ఏసీ చలవ పుట్టించదండీ" అన్నాడు. "లోపలి వేడిని గేసు మోసుకొచ్చి ఈ వెనక ఉన్న జాలీలో దింపుద్ది. కండెన్సర్ అంటారు. ముందునుంచి వచ్చే గాలి ఆ వేడిని పట్టుకుపోద్ది. బండి పరిగెడుతుంటే గాలి ఎలాగో సందు చేసుకుని దూరింది, సరిపోయింది. ఆగితే ఎటునుంచి దూరుద్ది? మీరేమో ముఖం మీద గుడ్డ కప్పి గంజి పూసేరు. వేడి ఎక్కడికెళుద్దండీ, తిరిగి మీ ఒళ్ళోకే." అంటూ జేబులోంచి చాకు తీసి ముడి మీద పెట్టాడు.

"కొయ్యకు!"

వర్ధనమ్మ గొంతు అంత పైకి లేవడం ఆవిడే ఎప్పుడూ వినలేదు. జిలానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తియ్యకుండా చెయ్యలేవా నాయనా?" అంది, ఈసారి మెల్లగా.

"చేస్తానండీ. గేసు కొట్టి పంపిస్తాను, డబ్బులూ తీసుకుంటాను. ముందు గేటు పడేసరికి సామిగారు మళ్ళీ కుడుముల్లే ఉడికిపోతారు. అప్పుడు నన్ను తిట్టుకోకూడదు మరి."

ఆచార్యులవారు షెడ్డు నీడన బల్ల మీద కూర్చుని ఉన్నారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "స్వామీ, ఇది అక్కయ్య చేతిపని" అంది వర్ధనమ్మ.

"తెలుసమ్మా" అన్నారాయన. తియ్యమనలేదు, వద్దనలేదు.

ఆవిడ చెంబుతో నీళ్ళు అడిగి తెచ్చుకుని, కారు ముందు నేలమీద చతికిలబడింది. గంజి పట్టి గట్టిపడ్డ ముళ్ళని తడిపి నానబెట్టి, గోటితో ఒక్కొక్కటే విప్పింది. మాలక్ష్మమ్మది ఎడమచేతి ముడి, ఇల్లంతటికీ అది ఆవిడకే వచ్చు. ఆఖరి ముడి కూడా వదిలింది. తెర ఊడివచ్చి అప్పడంలా నిటారుగా నిలబడింది. దాని వెనక కండెన్సర్ సన్నటి రేకుల మధ్య దుమ్మూ గంజీ కలిసి కంబళిలా పేరుకుని ఉంది. ఏ కంతలోంచి దూరిందో, ఒక తూనీగ రెక్క కూడా ఉంది.

"కడిగితే పోయేదేనండీ, ముందే తెచ్చుంటే" అన్నాడు జిలానీ. "ఇదిగో ఈ మూల చూడండి, నూనె మరక. గేసుతో పాటు నూనె బయటికొస్తోందంటే చిల్లి పడిందన్నమాట. చెమ్మ నిలిచి తినేసింది. మార్చాల్సిందే."

ఊళ్ళోంచి కొత్తది తెప్పించాడు. ముందు బంపరు విప్పి, మిగిలిన గేసుని మిషన్లోకి లాగి, పాతదాన్ని దింపి గోడకి ఆనించాడు. అతుకుల దగ్గర రబ్బరు రింగులు కొత్తవి వేశాడు, చెమ్మని పట్టే డబ్బా కూడా మార్చాడు. గొట్టాల్లో గాలి గానీ తేమ గానీ మిగలకుండా మిషను పెట్టి చాలాసేపు లాగించి, అప్పుడు కొత్త గేసు ఎక్కించాడు. "మధ్యమధ్య పైపుతో నీళ్ళు మెత్తగా పట్టండి చాలు. ఒత్తిడిగా కొడితే రేకులు పడుకుండిపోతాయి. ఆ పరికిణీ ఉందే, అది ఆయుధపూజ నాడు కారు కదలకుండా ఉన్నప్పుడు కట్టుకోండి, ముచ్చటగా ఉంటది."

వర్ధనమ్మకి నవ్వొచ్చింది. తెరని మడిచి సంచీలో పెట్టుకుంది.

పొద్దు వాలింది. "ఇంజను వేసి, కదలకుండా కూర్చోండి. ఆగి ఉన్నప్పుడు చల్లబడాలి. అదండీ పరీక్ష" అన్నాడు జిలానీ. ఆచార్యులవారు వెనక కూర్చున్నారు. కాసేపటికి చల్లదనం నెమ్మదిగా కారంతా పరుచుకుంది. ఖాళీ సీటు ముందర ఏసీ గాలి వచ్చే మూతి కిటికీవైపు తిరిగే ఉంది. చలిగాలికి చెవిపోటు వస్తుందని మాలక్ష్మమ్మ ఎప్పుడూ దాన్ని అలా తిప్పేసేది. దాన్ని చూడలేక వర్ధనమ్మ తలుపు తెరిచి కిందికి చూసింది. కారు కిందనుంచి సన్నటి నీటిధార మట్టిలోకి పాకుతోంది.

"జిలానీ! అయ్యో, మళ్ళీ కారుతోంది నాయనా!"

జిలానీ వంగి చూసి నవ్వాడు. "అది కారాలండీ. లోపల చల్లబడేటప్పుడే ఆ నీళ్ళు పడేది. ఇన్నాళ్ళూ సరిగా పడుండవు, మీరు చూసుకోలేదు." అని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

వర్ధనమ్మ తలుపు వేసుకుంది. కారు కదలడం లేదు. చేతికి చెయ్యవలసిన పనేమీ లేదు. ఎవరినీ ఎక్కడికీ చేర్చవలసిన తొందర లేదు. "అక్కయ్యా" అని పిలిచింది. మనసులో అనుకున్న పిలుపు పైకే వచ్చేసింది. ఆ తరవాత స్టీరింగు మీద తలపెట్టి, కార్తికం నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. ఇంట్లో పెద్దకోడలు పోతే ఎలా ఏడుస్తారో అలా, పేరు పెట్టి, గొంతెత్తి ఏడ్చింది.

కొంతసేపటికి వెనక గురువుగారున్నారన్న స్పృహ వచ్చి, గబుక్కున లేచి కూర్చుంది. "తప్పైంది స్వామీ. బయలుదేరదాం" అంటూ చెంగుతో కళ్ళు తుడుచుకోబోయింది.

"తుడవకు తల్లీ" అన్నారు ఆచార్యులవారు. "అది కారాలని జిలానీ చెప్పాడు కదా."