ఎత్తలేని జంఖానా

ఒక్క మాట దిద్దడానికి పుస్తకమంతా మళ్ళీ పుట్టాలా? మీరే చెప్పండి.

కొండమీది ఖానఖాలో, ఆ సూఫీల మఠంలో, సాబిరాకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. గురువు జలీల్ బాబా ఇన్నేళ్ళూ చెప్పిన మాటలను ఆమె కంప్యూటర్‌లో పుస్తకంగా కూరుస్తోంది. అధ్యాయాలన్నీ ఒకే ఫైలు. ఎక్కడ ఒక అక్షరం మార్చినా, యంత్రం మొదటి పేజీ నుంచి చివరిదాకా మళ్ళీ అల్లుకొస్తేనే ఆ మార్పు కంటికి కనపడేది.

బాబా చూపు మసకబారుతోంది. మధ్యాహ్నపు ఎండ కిటికీలో ఉన్నంతసేపే ఆయన చదవగలరు. ఆ కాస్త చూపూ పోయేలోగా ప్రతి పేజీ తానే చూసుకోవాలని కోరిక. ఆయన ఒక మాట దిద్దమనేవారు, ఆమె దిద్దేది, యంత్రం గుర్రుమంటూ తిరిగేది. మబ్బులు గుమ్మంలోకి వచ్చి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయేవి. పేజీ అచ్చయి వచ్చేసరికి ఎండ కూడా వెళ్ళిపోయేది.

"అధ్యాయానికో ఫైలు చేసి, వాటిని వరసగా పిలిచే చిన్న ఫైలు ఒకటి పైన పెడితే చాలటగా బేటీ?" అన్నారు ఒకరోజు.

"మీకెవరు చెప్పారు?"

"నువ్వే. నిన్న కునుకుతూ గొణిగావు."

సాబిరాకు రోషం వచ్చింది. "చేతకాక కాదు బాబా. మీ మాటను నేను ముక్కలు చెయ్యను. పుస్తకమంటే ఒక్కటిగా ఉండాలి."

బాబా తలూపారు. చేతిలోని చాయ్‌ని తీరిగ్గా కింద జంఖానా మీద ఒంపారు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే నేత అది.

"మరక పడింది. వాగులో ఉతికి పట్టుకురా."

"ఇంత మరకకా? తడిబట్టతో తుడిచేస్తాను."

"ఉతకమన్నాను."

సాబిరా ఓ మూల పట్టి లాగింది. రెండో మూల లాగింది. చెమటలు పట్టి, గుమ్మందాకా ఈడ్చి, ఆ కుప్పమీదే కూలబడింది. నేతలోని నీలిపిట్టలన్నీ మడతల్లోంచి ఆమెనే చూస్తున్నట్టున్నాయి.

బాబా పక్కగదిలోకి వెళ్ళారు. అక్కడ నమాజు చాపలు పక్కపక్కనే పరిచి ఉంటాయి. నడుమనుంచి ఒకటి తీసి, చుట్ట చుట్టి, ఆమె ఒళ్ళో పెట్టారు.

"పోనీ, దీన్ని ఉతుకు."

ఆమె ఉతికి, ఆరబెట్టి తెచ్చింది. తక్కిన చాపలు కదల్లేదు. దీని జాగా దీనికోసం ఖాళీగా ఉంది. పరిచింది.

ఆ సాయంత్రం పుస్తకాన్ని అధ్యాయాలుగా విడదీసింది. అన్నిటినీ ఒకసారి కలిపి నడిపింది. ఏ అధ్యాయం ఏ పేజీలో మొదలవుతుందో యంత్రం గుర్తు రాసిపెట్టుకుంది.

మర్నాడు బాబా ఒక మాట దిద్దమన్నారు. సాబిరా ఆ మాటున్న అధ్యాయాన్ని ఒక్కదాన్నే పిలిచింది. గుక్క తిప్పుకునేలోపు పేజీ వచ్చేసింది. అడుగున అంకె చూసి ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఒంటరిగా వచ్చిన అధ్యాయం ఒకటో పేజీతో మొదలవుతుందనుకుంది. కాదు. పుస్తకం నడుమ దానికి ఎప్పుడూ ఉండే అంకే.

"బాబా, తక్కినవాటిని నేను పిలవనే లేదు. అయినా..."

బాబా కాగితాన్ని వెలుగులోకి వంచి చదువుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"ఎండ ఇంకా ఉంది. ఇంకోదాన్ని పిలువు."